చరిత్ర చదవడానికి ముందు ఒక సంవత్సరం

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఇంటర్ విద్యార్థుల కోసం, వాళ్ళ తల్లిదండ్రుల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి.

మొదట ఒక లెక్క తీద్దాం. ఇక్కడున్న పిల్లల్లో ఇంటర్‌లో హెచ్‌ఈసీ, అంటే చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ తీసుకున్నవాళ్ళు ఎంతమంది? ముగ్గురు. సీఈసీ? ఓ ఎనిమిది చేతులు. మిగతావాళ్ళంతా ఎంపీసీ, బైపీసీ. అనుకున్నదే. హెచ్‌ఈసీ అనే మాట పెద్ద కాలేజీల హోర్డింగుల మీద ఎప్పుడైనా చూశారా? అంటే మీలో చాలామంది చరిత్రని చివరిసారి చూసింది పదో తరగతి సోషల్ పుస్తకంలో. ఇప్పుడేమో బ్రిటన్ వెళ్ళి చరిత్రలో డిగ్రీ చదవాలనుంది. మధ్యలో రెండేళ్ళు గోతిలా ఉన్నాయి. ఆ గోతి మీద వేసిన వంతెనే ఫౌండేషన్ ఇయర్. మంచి ఏర్పాటే. కానీ వంతెన ఎక్కేముందు అవతల ఎక్కడ దింపుతుందో చూసుకోవాలి కదా?

అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో చరిత్ర బీఏ మూడేళ్ళు. ఏడాదికి 120 క్రెడిట్లు, మొత్తం 360. ఫౌండేషన్‌తో కలిపి తీసుకుంటే నాలుగేళ్ళు. ఆ మొదటి ఏడాదికి కూడా మామూలుగా 120 క్రెడిట్లే, కానీ దాని స్థాయి అక్కడి ప్లస్‌టూతో, అంటే ఏ లెవెల్‌తో సమానం. డిగ్రీకి ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా అని తేల్చే లెక్కలో ఆ మార్కులు కలపరు. పాసై, వాళ్ళు అడిగిన సగటు తెచ్చుకుని, పై తరగతికి వెళ్ళాలి, అంతే.

ఇందులో రెండు రకాలున్నాయి. ఈ తేడా తెలియకే చాలామంది దెబ్బతింటున్నారు, జాగ్రత్తగా వినండి. ఒకటి, డిగ్రీలో భాగంగా ఉండే ఫౌండేషన్. యూకాస్‌లో, అంటే అక్కడి యూనివర్సిటీలన్నిటికీ కలిపి దరఖాస్తు పెట్టే చోట, దానికి వేరే కోర్సు కోడ్ ఉంటుంది. అదే యూనివర్సిటీలో, అక్కడి పిల్లలతో కలిసి కూర్చుంటారు. రెండోది ఇంటర్నేషనల్ ఫౌండేషన్. ఇది విదేశీ పిల్లల కోసమే నడిపేది. చాలాచోట్ల యూనివర్సిటీ ఆవరణలోనే ఒక ప్రైవేటు భాగస్వామి కాలేజీ నడుపుతుంది. అందులో ఇంగ్లీషు రాత, చదువు కూడా నేర్పుతారు. మొదటి రకాన్ని కొన్ని యూనివర్సిటీలు అక్కడి పిల్లలకే ఇస్తాయి, మనవాళ్ళని రెండోదానికి పంపుతాయి. కేంబ్రిడ్జ్‌లో 2022 నుంచి, ఆక్స్‌ఫర్డ్‌లో 2023 నుంచి ఫౌండేషన్ సంవత్సరం ఉంది. అవి రెండూ అక్కడ వెనకబడ్డ పరిస్థితుల్లో చదువుకున్న పిల్లల కోసం పెట్టినవి, మనకి కాదు. కన్సల్టెన్సీ ఏజెంటు ఆఫీసు గోడ మీద ఆ యూనివర్సిటీల ఫోటో ఉంటే చూసి రండి, అంతవరకే.

రెండో రకంలో చేరేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఒకటి, ఈ ఫౌండేషన్ నుంచి చరిత్ర డిగ్రీలోకి దారి ఉందా? ఆ జాబితాలో బిజినెస్, మీడియా, ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఉండి చరిత్ర లేకపోవచ్చు. చేరాక తెలిస్తే లాభం లేదు. రెండు, ఎంత సగటు రావాలి? పాస్ మార్కు 40 అంటారు. పైకి వెళ్ళడానికి మాత్రం అంతకంటే ఎక్కువ అడుగుతారు. మూడు, ఇంగ్లీషు మాడ్యూల్లో, అంటే ఆ ఒక్క పేపర్లో, విడిగా ఎంత రావాలి? చరిత్రకి దీని దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. నాలుగు, ఆ మార్కు వస్తే సీటు ఖాయమా, లేక "పరిశీలిస్తాం" అని ఉందా? ఆ ఒక్క మాట మీద ఏడాది ఫీజు ఆధారపడి ఉంది.

మరి ఫౌండేషన్ ఎవరికి అక్కర్లేదు? హెచ్‌ఈసీలో గానీ సీబీఎస్‌ఈలో గానీ చరిత్ర చదివి, మంచి మార్కులుండి, ఇంగ్లీషులో నాలుగు పేజీలు సొంతంగా రాయగలిగిన పిల్లలు నేరుగా మొదటి ఏడాదికే దరఖాస్తు పెట్టాలి. మన ఇంటర్ బోర్డు మార్కుల్ని ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా చూస్తుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఇండియా పేజీ ఉంటుంది, అందులో స్టేట్ బోర్డుల గురించి ఏం రాశారో చదవండి. స్కాట్లండ్ సంగతి వేరు. అక్కడ ఆనర్స్ డిగ్రీయే నాలుగేళ్ళు. మొదటి ఏడాది చరిత్రతో పాటు ఇంకో రెండు సబ్జెక్టులు కూడా చదవొచ్చు. నాలుగేళ్ళు ఎలాగూ పెడదామనుకున్నవాళ్ళు స్కాట్లండ్ చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ ఏడాదిలో ఏం జరుగుతుంది?

మనవాళ్ళు ఏమనుకుంటారంటే, పదకొండు పన్నెండు తరగతుల్లో చదవని చరిత్రని ఈ ఏడాదిలో గబగబా చదివిస్తారని. రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు. అలా ఉండదు. ఏడాది పొడుగునా చేయించేది ఒక్కటే పని: అడిగిన ప్రశ్నకి, ఆధారం చూపించి, మీ జవాబు మీరు చెప్పడం. వినడానికి చిన్నగా ఉంది కదూ? మన లాంగ్ ఆన్సర్ అలవాటుకి ఇది పూర్తిగా ఎదురు. అందుకే ఈ ఏడాది తెలివైన పిల్లల్నే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బట్టీ బాగా పట్టగలిగినవాళ్ళని మరీను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దూరం వెళ్ళొద్దు, మన మన్యమే. మన పరీక్షలో ప్రశ్న ఎలా వస్తుంది? "రంప తిరుగుబాటుకి కారణాలు, ఫలితాలు వివరించండి." మీరేం రాస్తారు? అల్లూరి సీతారామరాజు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, 1924 మే 7న కొయ్యూరులో మరణం. సైడ్ హెడ్డింగులు, కింద గీతలు. పదికి తొమ్మిది.

ఫౌండేషన్ క్లాసులో అదే విషయం మీద ప్రశ్న ఇలా ఉంటుంది: "1922–24 తిరుగుబాటుకి 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఎంతవరకు కారణం?" ఇందాకటి జవాబే ఇక్కడ రాస్తే? ఫెయిల్ కావచ్చు. తప్పు రాసినందుకు కాదు, ఒక్క తేదీ కూడా తప్పు లేదు. అడిగింది "ఎంతవరకు" అని. ఆ మాటని మీరు ముట్టుకోలేదు.

మరి ఎలా ముట్టుకోవాలి? తేదీల్ని పక్కపక్కన పెట్టండి. అటవీ చట్టం 1882. పోడు మీద ఆంక్షలు, రిజర్వు అడవి, కట్టెకీ కలపకీ అటవీ సిబ్బందితో తగువులు. బాగుంది, కారణంలాగే ఉంది. కానీ రంపలో పెద్ద ఫితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది ఎప్పుడు? 1879లో. చట్టానికి మూడేళ్ళ ముందు! అప్పుడు కల్లు మీద వేసిన పన్ను, రంపని ఏలే మన్సబుదారు వసూళ్ళు, అతని కింద కొండ ఊళ్ళ పెత్తనం చేసే ముఠాదార్ల అసంతృప్తి. అంటే అటవీ చట్టం లేకుండానే మన్యం ఒకసారి తిరగబడింది. కాబట్టి చట్టం ఒక్కటే కారణమని రాయలేం.

అయితే చట్టానికి సంబంధమే లేదా? ఉంది. ఇప్పుడు రెండో ప్రశ్న వేసుకోవాలి. చట్టం వచ్చింది 1882లో, తిరుగుబాటు 1922లో. నలభై ఏళ్ళ ఎడం. మరి 1922లోనే ఎందుకు? 1912లో ఎందుకు కాదు? అప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కొండవాళ్ళ చేత చేయించిన వెట్టి దగ్గరికి వస్తారు. సహాయ నిరాకరణ గాలి ఏజెన్సీ దాకా ఎంత వచ్చిందన్నది చూస్తారు. నాయకుడి దగ్గరికి వస్తారు. చివరికి మీ వాదన ఒక వాక్యంలోకి దిగుతుంది: చట్టం పాత పుండు, వెట్టి దాని మీద పడ్డ దెబ్బ. ఇలాగే రాయాలని లేదు, మీరు దీన్ని కాదనొచ్చు కూడా. కాదంటే ఆధారం చూపించాలి. చూశారా, తేదీలు అవే, జవాబు మారిపోయింది. తేదీలు తెలిసి ఉండాల్సిందే. అవి ముడిసరుకు.

ఇప్పుడు ఆధారాలు. ప్రాథమిక ఆధారం అంటే ఆ కాలంలోనే పుట్టినది, ద్వితీయం అంటే తర్వాతి చరిత్రకారులు రాసినది. ఈ నిర్వచనం అందరూ చెబుతారు. అక్కడ మార్కులు దానికి ఇవ్వరు, ఆధారాన్ని ప్రశ్నించినందుకు ఇస్తారు. విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఉంది, అంటే జిల్లా వివరాలతో సర్కారు వేయించిన పుస్తకం, ఫ్రాన్సిస్ అనే అధికారి రాసినది, 1907లో వచ్చింది. స్కాన్ చేసిన ప్రతి నెట్‌లో దొరుకుతుంది. అంతకుముందు 1869లో కార్మైకేల్ రాసిన మాన్యువల్ ఉంది. 1922 తిరుగుబాటు మీద వ్యాసానికి 1907 పుస్తకం ఎందుకు పనికొస్తుంది? చెప్పండి. ...ఆ అమ్మాయి సరిగ్గా చెప్పింది. తిరుగుబాటుకి పదిహేనేళ్ళ ముందు సర్కారు వారు ఏజెన్సీని ఏ కళ్ళతో చూశారో అందులో కనపడుతుంది. మరి దేనికి పనికిరాదు? కొండవాళ్ళు ఏమనుకున్నారో తెలుసుకోవడానికి నేరుగా పనికిరాదు. వాళ్ళ నోటి మాట అందులో లేదు. అలాగే పోలీసు రిపోర్టు. దాన్ని రాసినవాడి పై అధికారి ఎవరు, ఏం చెబితే రాసినవాడికి మంచిది? ఇక పాటలు, ఎన్నో ఉన్నాయి. ఎప్పుడు సేకరించారు? తిరుగుబాటు నాటివా, స్వాతంత్ర్యం వచ్చాకవా? పాట అబద్ధమని కాదు. అది ఏ ఏడాది మనసుకి సాక్ష్యమో తేల్చుకోవాలి.

ఇక్కడ మనవాళ్ళు పడే గోతులు కొన్ని చెబుతాను, ఇవి వేరే ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు రికార్డుల్లో మన గొలుగొండ తాలూకా స్పెల్లింగు హైదరాబాద్ గోల్కొండ కోటకి దాదాపు ఒకేలా ఉంటుంది. వెతుకుడు పెట్టెలో కొడితే కుతుబ్‌షాహీలు వస్తారు. రంప గోదావరి జిల్లాలో, గూడెం విశాఖ జిల్లాలో ఉండేవి. ఒక తిరుగుబాటు, రెండు జిల్లాల కాగితాలు. ఒక జిల్లావి చూసి ఆపేస్తే సగమే చూసినట్టు.

తేదీలు కూడా అంతే. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. మన వైపు ఫసలీకి 590 కలపాలి, ఏడాది జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ దాకా. ఊరికే 1920 అని రాసేస్తే ఆర్నెల్లు తప్పిపోవచ్చు. సింహాచలం శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది, దానికి 78 కలుపుతాం. కానీ ఉగాదితో మొదలైన ఏడాది కదా, మాఘ ఫాల్గుణాలకి వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్‌లో జనవరి దాటిపోయి ఉంటుంది, అప్పుడు 79. పైగా కొన్ని శాసనాల్లో నడుస్తున్న సంవత్సరం చెబుతారు, కొన్నింటిలో గడిచిన సంవత్సరం. అందుకే అక్కడి చోళరాజు కులోత్తుంగుడి శాసనానికి ఒక పుస్తకంలో 1098 అనీ ఇంకో దాంట్లో 1099 అనీ కనిపిస్తుంది. రెండూ చూసి కంగారుపడి ఒకటి కొట్టేయకండి. ఎందుకు రెండు వచ్చాయో ఒక వాక్యం రాయండి, ఆ వాక్యానికి మార్కులున్నాయి.

ఇప్పుడు వ్యాసం. ఫౌండేషన్‌లో మామూలుగా 1,500 పదాలది అడుగుతారు. లెక్క వేసుకోండి. ఆరంభం 150 పదాలు, ముగింపు 150. మధ్యలో 1,200 మిగిలింది, 300 చొప్పున నాలుగు పేరాలు. అంటే మీరు చెప్పగలిగేవి నాలుగే నాలుగు అంశాలు. మనవాళ్ళు పదమూడు అంశాలు సిద్ధం చేసుకుని వెళ్తారు, ఒక్కోదానికీ వంద పదాలు, ఏదీ నిలబడదు. ప్రతి పేరాలో మొదటి వాక్యం మీ వాదన, తర్వాత ఆధారం, తర్వాత ఆ ఆధారం ఎంతవరకు నమ్మొచ్చు, చివర్న ప్రశ్నలోని మాటకి తిరిగి రావాలి. "భారతదేశం ఎంతో ప్రాచీనమైన సంస్కృతి గల దేశం" అని మొదలుపెట్టకండి, దయచేసి. ఆ 150 పదాల్లో అది ఆరు తినేస్తుంది, ఏమీ ఇవ్వదు.

చదవడం ఎలా? వారానికి ఒకటి రెండు వ్యాసాలు, ఓ యాభై పేజీలు ఇస్తారు. మొదటి పేజీ నుంచి అక్షరం అక్షరం చదివితే ఆదివారం దాకా అక్కడే ఉంటారు. ముందు ఆరంభం, తర్వాత ముగింపు, తర్వాత ప్రతి పేరాలో మొదటి వాక్యం. ఈయన ఎవరితో వాదిస్తున్నాడో అప్పటికి తెలిసిపోతుంది. అప్పుడు మీకు కావలసిన పేజీల్నే నిదానంగా చదవండి. నోట్సు రాసేటప్పుడు పుస్తకం మూసి రాయండి. ఎందుకంటే తెరిచి రాస్తే వాక్యం వాక్యంలాగే చేతిలోంచి దిగిపోతుంది. మూడు వారాల తర్వాత అది మీ మాటో వాళ్ళ మాటో మీకే తెలియదు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తెలుస్తుంది. అక్కడ దాన్ని కాపీ అంటారు, కావాలని చేశారా అలవాటుగా చేశారా అన్నది తర్వాతి సంగతి. నోట్సులో ప్రతి పాయింటు పక్కనా పేజీ నెంబరు వేయండి. స్కాన్ పుస్తకమైతే ఫోన్ తెర మీద కనిపించే నెంబరు వేరు, కాగితం మీద అచ్చయిన నెంబరు వేరు. ఫుట్‌నోట్‌లో వేయాల్సింది అచ్చయినది. ఏఐని అడిగి పుస్తకాల పేర్లు తెచ్చుకుంటున్నవాళ్ళు... నవ్వుతున్నారంటే ఉన్నారన్నమాట. అది లేని పుస్తకానికి కూడా పేజీ నెంబరు ఇచ్చేస్తుంది. లైబ్రరీ కేటలాగులో కనపడని పుస్తకాన్ని వ్యాసంలో రాయొద్దు.

గంటల లెక్క కూడా తెలిసి ఉండాలి. ఒక క్రెడిట్ అంటే పది గంటల పని. 20 క్రెడిట్ల మాడ్యూలు 200 గంటలు. వారానికి 3 గంటల క్లాసు, 12 వారాలు అనుకుందాం, 36 గంటలయ్యాయి. మిగతా 164? మీవే. స్టడీ అవర్ ఉండదు, వార్డెన్ ఉండడు, స్లిప్ టెస్ట్ ఉండదు. పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా ఎవరో ఒకరు తలుపు కొడుతూ చదివించిన పిల్లలకి ఈ ఖాళీయే అసలు ప్రమాదం. అక్టోబరులో సెలవుల్లా అనిపిస్తుంది, డిసెంబరులో మూడు వ్యాసాలు ఒకేసారి మీద పడతాయి.

తల్లిదండ్రులకి ఒక మాట, మార్కుల గురించి. అక్కడ 70, ఆపైన వస్తే ఫస్ట్ క్లాస్. 60 నుంచి 69 మంచి మార్కు. 40 పాస్. ఇంటర్‌లో 970 తెచ్చుకున్న అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, 62 వచ్చింది" అంటే తిట్టకండి. చరిత్రలో మొదటి వ్యాసానికి 62 అంటే స్వీట్ పంచుకోవచ్చు.

డబ్బు, వీసా సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఇవి మారుతూ ఉంటాయి, దరఖాస్తు రోజున బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్ళీ చూసుకోండి. ఫౌండేషన్ ఫీజు 5,760 పౌండ్లు అని నెట్‌లో కనిపిస్తుంది. అది 2025-26 నుంచి ఇంగ్లండ్‌లో చరిత్రలాంటి కోర్సుల ఫౌండేషన్‌కి అక్కడి విద్యార్థులకి పెట్టిన గరిష్ఠ పరిమితి. మనకి వర్తించదు, మన ఫీజు దానికి కొన్ని రెట్లు ఉండొచ్చు. మొదటి ఏడాది ఫీజుతో పాటు తొమ్మిది నెలల ఖర్చు ఖాతాలో 28 రోజులు వరసగా ఉండాలి. ఒక్క రోజు తగ్గినా తిరస్కరణే. పెళ్ళి షాపింగుకి అందులోంచి తీశారా, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకి ఏడాదికి 776 పౌండ్లు. డిగ్రీ స్థాయికి దిగువ కోర్సు వీసా మీద వెళ్తే టర్మ్‌లో వారానికి 10 గంటలే పని చేయొచ్చు, డిగ్రీ వీసా మీదైతే 20. ఫౌండేషన్‌కి విడిగా వీసా ఇస్తే డిగ్రీకి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఫీజు. నాలుగేళ్ళకీ కలిపి ఒకే కాస్, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ, ఇస్తారా అని ముందే అడగండి. డిగ్రీ అయ్యాక అక్కడే ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్ళకి 18 నెలలే.

ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ఫౌండేషన్‌కి పంపొచ్చా అని ఇందాక ఒక తండ్రి అడిగారు. నా లెక్క చెబుతాను. ఫౌండేషన్ ఒకటి, డిగ్రీ మూడు, మొత్తం నాలుగేళ్ళూ విదేశీ ఫీజు. ఇక్కడే బీఏ మూడేళ్ళు చదివి అక్కడ ఎంఏకి వెళ్తే, ఆ ఎంఏ ఏడాదే. అదీ నాలుగేళ్ళే, చివరికి చేతిలో ఎంఏ. విదేశీ ఫీజు ఒక్క ఏడాదికి. అప్పు చేసి పంపేవాళ్ళకి నేనైతే రెండో దారే చెబుతాను. ఇంట్లో స్తోమత ఉంది, పిల్లకి మొదటి నుంచీ అక్కడే చదవాలని ఉంది అంటే, అప్పుడు ఫౌండేషన్ చూడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ చరిత్ర ఉంది, అదీ మర్చిపోకండి.

ఏ దారిలో వెళ్ళినా యూకాస్ దరఖాస్తులో వ్యక్తిగత వివరణ రాయాలి. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ కోర్సు ఎందుకు, మీ చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. మూడో ప్రశ్న దగ్గర ఎంపీసీ పిల్లలు ఆగిపోతారు. ఆగక్కర్లేదు. ఆదివారం తొట్లకొండ బౌద్ధ క్షేత్రానికి వెళ్ళి, అక్కడి బోర్డు మీద రాసినదీ, తవ్వకాల గురించి పుస్తకంలో ఉన్నదీ ఎక్కడ కలవలేదో రాయండి. విశాఖ మ్యూజియంలో ఒక వస్తువు ముందు పావుగంట నిలబడి, లేబుల్ మీద లేనిదేమిటో రాయండి. "నాకు చిన్నప్పటి నుంచి చరిత్ర అంటే ప్రాణం" అన్న వాక్యం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఇక అభ్యాసం. 1907 గెజిటీర్‌లోంచి గొలుగొండ ఏజెన్సీ గురించి ఉన్న ఒక పేజీ జిరాక్స్ తీయించాం. ఇంటికెళ్ళి రెండుసార్లు చదవండి. ఈ పేజీ రాసినాయనకి తెలియనిది ఏమిటి, తెలిసినా రాయనిది ఏమిటి, అన్న రెండు ప్రశ్నలకి కలిపి పది వాక్యాలు రాయండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషు తర్వాత చూసుకుందాం. పెద్దవాళ్ళు కూడా రాయొచ్చు, ఏం ఫర్వాలేదు. కాగితాలు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. ముప్ఫయ్యే ఉన్నాయి, సరిపోకపోతే పక్కవాళ్ళది ఫోన్లో ఫోటో తీసుకోండి. పేజీ నెంబరు కనపడేలా తీయండి.